ఐసు ఫ్లాస్కుతో మద్రాసు దాకా

మా దగ్గరి నెమలి గుళ్ళో వేణుగోపాలస్వామి మీద ఒట్టు. ఇందులో నేను రాసే ప్రతి అక్షరమూ నిజం. ఈ మాట తిరువూరు బస్టాండులో అంటే టీ కొట్టాయన గ్లాసు కింద పెట్టి మరీ నవ్వుతాడని తెలుసు. మా ఊళ్ళో నా మాటకున్న విలువ అంత. కట్టలేరు వరదలో తాచుపాము పడగ మీద కూర్చుని ఒడ్డు చేరిన కుందేలు కథ నాదే. మా తాత మీసానికి పిచ్చుక గూడు కట్టిన కథా నాదే. అయినా ఒట్టు వేస్తున్నాను. ఇది మా అక్క మెడ దగ్గర కోసిన చింతగింజంత కండముక్కను, వేడి తగలకుండా, ఒక్క పగటిలో మద్రాసు చేర్చడానికి చేసిన ప్రయాణం. మద్రాసు చూడనివాళ్ళ కోసం రాస్తున్నాను. ఇంట్లో ఆడవాళ్ళున్న వాళ్ళందరి కోసం కూడా.

తిరువూరు

మా అక్క సీతారావమ్మ నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నాకు అన్నం కలిపి పెట్టింది తనే. బావ పోయిన దగ్గర్నుంచి మామిడితోట తనే చూసుకుంటోంది. నాది ఎరువుల కొట్టు. మావి పక్కపక్క ఇళ్ళు.

ఏటా వైశాఖంలో రెండిళ్ళకీ ఆవకాయ పెట్టేది అక్కే. బయట చేరిన ఆడమనిషి జాడీల గదిలో అడుగు పెడితే పచ్చడి బూజు పడుతుందని మా వైపు పట్టింపు. అక్కకి ముట్టుడిగి ఏడేళ్ళయింది. అలాంటిది కిందటేడు, సరిగ్గా కాయలు కొట్టించిన రోజున, మళ్ళీ ఎరుపు కనబడింది. చెబితే గదిలోంచి పంపేస్తారు, తరిగిన కాయంతా పాడవుతుంది. అందుకని ఎవరికీ చెప్పకుండా పచ్చడి కలిపేసింది. ఆ తర్వాత రోజూ వెళ్ళి వాసెన గుడ్డ విప్పి జాడీలోకి చూసుకునేదట. నెల తిరిగింది. ఎరుపు అప్పుడప్పుడూ కనబడుతూనే ఉంది, పచ్చడి మాత్రం బూజు పట్టలేదు. దాంతో అక్క తేల్చేసుకుంది: ఇది ముట్టు కాదు, ఒంట్లో వేడి. మజ్జిగ తాగితే పోతుంది.

దసరాల దాకా మజ్జిగ తాగింది. తోటలో కళ్ళు తిరిగి పడిపోయిన రోజున గానీ మాకు సంగతి తెలియలేదు. బెజవాడ తీసుకెళితే గర్భసంచి లోపలి పొరలో కేన్సర్ అన్నారు, గర్భసంచి తీసేశారు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడది. మరుసటి వేసవికి ఎడమవైపు మెడ కింద, ఎముక పైన, గోలీకాయంత గడ్డ లేచింది.

బెజవాడ డాక్టరమ్మగారు చేత్తో తడిమి చూసి, "వచ్చే సోమవారం రండి. వచ్చేటప్పుడు మూతి వెడల్పున్న ఐసు ఫ్లాస్కు ఒకటి తెచ్చుకోండి" అన్నారు. అలాంటిది తిరువూరు మొత్తానికి ఒక్కచోటే ఉంది. పశువుల ఆసుపత్రిలో. ఎద్దు వీర్యం ఐసులో పెట్టి ఊళ్ళకి పట్టుకెళ్ళేది అందులోనే. ఆకుపచ్చ రంగు, మెడకు తోలు పట్టీ, పొట్ట మీద తెల్ల పెయింటుతో ఆసుపత్రి పేరు. అక్కడి కాంపౌండరు వేడినీళ్ళతో మూడుసార్లు కడిగి ఇచ్చాడు.

"పానకాలూ, ఇది గవర్నమెంటు సొత్తు. నీ కథల్లో పడి ఎక్కడో మరిచిపోయి వచ్చావంటే నా ఉద్యోగం పోద్ది."

"అక్క కోసం పట్టుకెళ్తున్నానయ్యా" అన్నాను. అతను మూత బిగించి చేతికిచ్చాడు.

విస్సన్నపేట

పొద్దున బస్సు విస్సన్నపేటలో పావుగంట ఆగింది. ఫ్లాస్కు నా ఒళ్ళో ఉంది. పక్క సీట్లోకి ఒక రైతు ఎక్కాడు. తలగుడ్డ తీసి విసురుకుంటూ ఫ్లాస్కు మీది అక్షరాలు కూడబలుక్కున్నాడు.

"ఏ జాతండీ? ఒంగోలా, జెర్సీయా?"

నేను నోరు తెరిచేలోపు అక్క అందుకుంది. "ఖాళీదే నాయనా. మావాడు పట్నంలో సంబంధాలు చూడ్డానికి పోతున్నాడు."

బస్సులో నలుగురూ నవ్వారు. నాకు నలభై ఆరేళ్ళు, ముగ్గురు పిల్లలు. ఆ రైతు మాత్రం నవ్వకుండా, తన గేదె మూడు నెలలుగా మూడుసార్లు సూది వేయించినా కట్టలేదని ఎంతో దిగులుగా చెప్పుకొచ్చాడు. అక్క శ్రద్ధగా విని, దాణాలో ఏమేం కలపాలో చెప్పింది. అతను దిగిపోయాక కిటికీలోంచి చూస్తూ అంది: "గేదెకి ఏమయిందో మూడో నెలకే కనుక్కున్నాడు చూడు. నేను ఆరు నెలలు మజ్జిగ తాగాను."

తర్వాత బస్సు ఆగినచోట రూపాయికి మూడు రసాలు కొని తన చేతిలో పెట్టాను. మా తోటలో పళ్ళుండగా కొంటావా అని తిట్టింది.

బెజవాడ

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలోనే పడుకున్నాం. బెజవాడ ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. పొద్దున ఏడింటికే గచ్చు కాలింది. బయట హోటల్లో ఇడ్లీ నాలుగు అర్ధరూపాయి, అల్లప్పచ్చడితో. అక్కని ఏమీ తినొద్దన్నారని నేనూ ఒక్కటే తిన్నాను.

డాక్టరమ్మగారు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి విషయం చెప్పారు. ఆవిడ దాచి మాట్లాడే మనిషి కాదు.

"జబ్బు గర్భసంచి దాటి పైకి వచ్చిందమ్మా. ఇక కోసి తీసేది కాదు. ఒక హార్మోను మందు ఉంది, బిళ్ళలు. అది కొందరిలో జబ్బుని ఆపుతుంది, కొందరిలో ఏమీ చెయ్యదు. ఎందుకంటే మందు చెప్పే మాట వినడానికి ఆ జబ్బు కణానికి ఒక చెవి ఉండాలి. ఆ చెవి ఒక ప్రోటీను. జబ్బు ముదిరేకొద్దీ కణాలు ఆ చెవిని పోగొట్టుకుంటాయి."

"నాకు వచ్చిన దానికి చెవి ఉందో లేదో తెలుస్తదా అమ్మా?" అంది అక్క.

"ఇక్కడ తెలియదు. మద్రాసులో నాతో చదువుకున్న డాక్టరు ఒకాయన కొత్తగా చూస్తున్నారు. గడ్డలోంచి చిన్న ముక్క పంపాలి. మందునీళ్ళలో వేస్తే ప్రోటీను పోతుంది. వేడి తగిలినా పోతుంది. ఐసులోనే వెళ్ళాలి, ఇవాళ సాయంత్రానికే చేరాలి." నావైపు తిరిగారు. "దోవలో ఒకసారి ఐసు మార్చాలి. నెల్లూరులో బండి పది నిమిషాలు ఆగుతుంది. మరిచిపోకూడదండీ."

"చెవి ఉందంటే బిళ్ళలు ఇస్తారు. లేదంటే?" అన్నాను.

"లేదంటే వాటితో లాభం లేదు. నొప్పి లేకుండా చూసుకుంటాం."

అంతే సంగతి. ముక్కలో ఆ ప్రోటీను ఉంటే అక్కకి ఇంకొంత కాలం ఉంది, లేకపోతే లేదు.

ఎనిమిదింటికి గడ్డ దగ్గర మత్తుసూది వేసి ముక్క తీశారు. వేలెడంత సీసాలో వేసి, మూతకి మైనం కార్చి, గోనెలో దంచిన ఐసులో పాతిపెట్టి ఫ్లాస్కు నా మెడకు తగిలించారు. అక్క మెడకు కట్టు కట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"దోవలో ఎవరడిగినా ఎద్దుదనే చెప్పు. నా పేరు చెప్పకు" అంది.

చీరాల, ఒంగోలు

పగటి బండి. బాపట్ల దాటాక కిటికీలోంచి చూస్తే మొన్నటి తుఫానుకి తలలు తెగిన తాడిచెట్లు వరసగా మొండేలై నిలబడి ఉన్నాయి. బండి చాలాసేపు వాటి మధ్యే నడిచింది.

చీరాలలో చీరల మూటతో ఒకామె ఎక్కింది. సుబ్బులమ్మట. యాభై దాటి ఉంటాయి. నెల్లూరులో ఇంటింటికీ తిరిగి నేతచీరలు అమ్ముతుంది. ఎదురుగా కావలికి పోయే పెద్దాయన ఒకరు, ఆయన చుట్టాలు ఇద్దరు. పెద్దాయన చుట్ట ఆర్పి, ఫ్లాస్కు చూసి, విస్సన్నపేట రైతు అడిగిందే అడిగాడు. ఒంగోలు జాతి అన్నాను. ఒంగోలు స్టేషను అప్పుడే వస్తోంది, బాగా కుదిరింది. ఒంగోలు గిత్తని తిరువూరు నుంచి ఒంగోలు మీదుగా మద్రాసు పట్టుకెళ్ళడమేమిటని ఆయన నిలదీశాడు. ఏదో చెప్పాను. వాళ్ళు నవ్వారు.

సుబ్బులమ్మ నవ్వలేదు. ఫ్లాస్కు మీద నా చెయ్యి ఉన్న తీరు చూస్తోంది. కాసేపయ్యాక మెల్లగా, "అది ఎద్దుది కాదులెండి. మడిసిది. అవునా?" అంది.

ఎలా కనిపెట్టిందో తెలియదు. పెద్దాయన కునుకు తీస్తుంటే ఉన్నది ఉన్నట్టు ఆమెకి చెప్పాను, ఆవకాయ జాడీతో సహా. అక్క పేరు మాత్రం చెప్పలేదు. ఆమె చీరల మూట ముడి విప్పుతూ, కడుతూ విన్నది.

"పచ్చడి పాడవలేదు గనక ముట్టు కాదనుకుందా?"

"అవునమ్మా. అది ముట్టు కాదన్నది నిజమే. అంతటితో ఊరుకుంది."

"నేను మగ్గం గుంటలో కాళ్ళు దించి కూచుంటా. అలుపు వల్లనుకున్నానండీ." ఇంకా గొంతు తగ్గించి, "నాకూ మూడు నెలల్నించి కనబడతంది. ముట్టు నిలిచి ఎనిమిదేళ్ళయినాక" అంది.

ఒంగోలు ఆసుపత్రికి ఇవాళే వెళ్ళమన్నాను. చీరలు ఎవరమ్ముతారంది. చీరలు ఎక్కడికీ పోవన్నాను. తిరుగు బండిలోనే వెళతానని నా చేతిలో చెయ్యి వేసి చెప్పింది. మా అక్క జబ్బు ఈ లోకంలో ఒక మనిషికి ఉపయోగపడింది ఆ కాసేపే.

నెల్లూరు

మిట్టమధ్యాహ్నం నెల్లూరు. బండి ఆగీ ఆగకముందే ఫ్లాస్కు గుండెకి హత్తుకుని దూకాను. సుబ్బులమ్మ మూట నెత్తిన పెట్టుకుని నా వెనకే దిగింది. గేటు అవతల సోడాబండివాడి దగ్గర రంపంపొట్టులో పాతిన ఐసు దిమ్మ ఉంది. అర్ధరూపాయిది కొట్టమన్నాను. వాడు తీరిగ్గా గోనెసంచి దులుపుతుంటే సుబ్బులమ్మ సంచి లాక్కుని తనే దంచింది. పాత నీళ్ళు పారబోశాం. ఆమె మూత పట్టుకుంది, నేను దోసిళ్ళతో ఐసు నింపాను. వేళ్ళు కొంకర్లు పోయాయి. గార్డు ఈల వేశాక పరుగెత్తి మెట్టు అందుకున్నాను. మూత బిగించి చెవి దగ్గర ఆడిస్తే లోపల ఐసు గలగలమంది.

పెట్టెలో నా చోట ఎవరో కూర్చున్నారు. మద్రాసు దాకా నిలబడే వెళ్ళాను.

మద్రాసు

మద్రాసులో మొదట వచ్చేది మల్లెపూల వాసన, వెంటనే మురుగు వాసన. రిక్షావాడు మూడు రూపాయలు అడిగాడు, తెలుగులో బేరమాడితే నాలుగు అన్నాడు. పరిశోధనశాల అంటే ఏదో అనుకున్నాను. పాత మేడలో పైన రెండు గదులు, ఒక పెద్ద ఫ్రిజ్, గిరగిరా తిరిగే యంత్రం ఒకటి. డాక్టరు సన్నగా, తెల్లచొక్కాలో, నుదుట విభూతితో ఉన్నారు. తెలుగు వచ్చు, కానీ కొంచెం వాళ్ళ యాసలో.

"నెల్లూరులో ఐస్ మార్చినారా?"

"మార్చానండీ."

"మంచిది. రెండు దినాలు ఉండవలె."

ఆ రెండు రోజులూ ఒక తెలుగు సత్రంలో ఉన్నాను. మనకి పప్పులో, పచ్చడిలో నెయ్యి వేసుకుని మొదలుపెడితే గానీ భోజనం అనిపించదు. అక్కడ ఆకు నిండా సాంబారు పోసి, చివరిదాకా అదే తినమంటారు. పచ్చడి అడిగితే నిమ్మకాయ బద్ద ఒకటి వేశాడు. అరటాకు భోజనం రెండు రూపాయలు. కాఫీ మాత్రం ఒప్పుకోవాలి. ఇత్తడి గ్లాసులోంచి గిన్నెలోకి గజం ఎత్తున పోసి, ఒక్క చుక్క కింద పడకుండా ఇస్తారు, నలభై పైసలు. సముద్రం కూడా చూశాను. బాగానే ఉంది. ఎంతసేపు చూసినా చింతగింజంత ముక్కే కళ్ళముందు ఆడింది.

మూడోరోజు పొద్దున డాక్టరు బల్ల అవతల కూర్చుని కాగితం నావైపు తిప్పారు. అంకె ఒకటి రాసి ఉంది, సున్నాకి దగ్గరగా.

"ఆ ప్రోటీన్ లేదు. ఉన్నా లెక్కకు రానంత."

"మళ్ళీ ఒకసారి చూస్తారా అండీ?"

"ముక్క అయిపోయింది." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీ అక్కకు మొదటిసారి రక్తం ఎప్పుడు కనిపించింది?"

చెప్పాను. పచ్చడి జాడీ సంగతీ చెప్పాను. ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"మా అమ్మ అప్పడం పిండితో చూచుకున్నది. పిండి పులవలేదు, అందుకని భయం లేదు అనుకున్నది. నేను అప్పుడు మెడికల్ కాలేజీలో ఉంటిని. నాతో చెప్పలేదు."

ఫీజు ఎంతని అడిగితే చెయ్యి అడ్డంగా ఊపారు. మెట్ల దాకా వచ్చి సాగనంపారు.

తిరుగు దోవ

బెజవాడలో డాక్టరమ్మగారు కాగితం చదివి, మడిచి, కేసు షీటులో పెట్టారు. "బిళ్ళలతో లాభం లేదు" అన్నారు. అక్క అప్పటికే బట్టలు సర్దుకుని కూర్చుంది.

"చెవి లేదట అక్కా" అన్నాను.

"సరే. ఎవరి మాటా వినని జబ్బు మనింటికే రావాలా" అని లేచింది. బస్సు మైలవరం దాటాక, మద్రాసులో ఏం తిన్నావురా అని అడిగింది.

ఒట్టు వేశాను గనక

ఇందులో ఒక్క భాగం నేను కల్పించింది. నెల్లూరు.

నెల్లూరులో నేను దిగలేదు.

సుబ్బులమ్మ దిగింది. అప్పటికి కావలి పెద్దాయన దిగాల్సిన ఊరు దాటిపోయి చాలాసేపయింది. దిగలేదాయన. నా కథ కోసం కూర్చుండిపోయాడు. ఒంగోలు దాటాక నేను గిత్త కథ మొదలుపెట్టాను. ఊళ్ళో పొలం గట్టు తగాదాకి కళ్ళారా చూసిన సాక్షి ఒక గిత్త తప్ప ఇంకెవరూ లేరు, దాన్ని తిరువూరు కోర్టుకి పిలిచారు. పెట్టెలో వాళ్ళంతా, పక్క బల్లల వాళ్ళంతా మూగారు. బండి నెల్లూరులో ఆగేసరికి గిత్త బోను ఎక్కింది, ప్లీడరు నల్లకోటు సర్దుకుని మొదటి ప్రశ్న అడిగాడు. సుబ్బులమ్మ కిటికీ దగ్గరికొచ్చి ఊచలు పట్టుకుని, "ఐసండీ! మీ అక్కకి ఐసు!" అంది. ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యి ఎత్తాను. పది నిమిషాలున్నాయి కదా అనుకున్నాను. గిత్త ఏం చెబుతుందోనని అంతమంది నా నోటివంకే చూస్తున్నారు. బండి కదిలింది. ఆమె మూట నెత్తిన పెట్టుకుని నాలుగడుగులు బండి పక్కనే పరుగెత్తింది.

మద్రాసులో దిగి మూత తీస్తే లోపల నీళ్ళే ఉన్నాయి. చల్లగా ఉన్నాయని నాకు నేను చెప్పుకున్నాను. ఆ నీళ్ళు చూసే డాక్టరు ఐసు సంగతి అడిగారు. మార్చానండీ అని ఆయనతో అన్న మాట మాత్రం అక్షరాలా అన్నాను. నేను నిజం చెప్పి ఉంటే ఆయన ఆ కాగితం మీద ఆ అంకె వేసేవారు కాదు.

పది రోజులు దాచాను. పదకొండోరోజు అక్క దగ్గర కూర్చుని చెప్పేశాను. కొట్టినా బాగుండేది. గోడవైపు తిరిగి, "రేపు మొదటి బస్సుకి పోయి డాక్టరమ్మకి చెప్పు" అంది. వెళ్ళాను. డాక్టరమ్మగారు నన్ను కూర్చోమనలేదు. బిళ్ళలు మాత్రం రాసిచ్చారు, వాడి చూద్దామన్నారు. వాడాం. గడ్డ పెరగడం ఆగలేదు. దానికి మొదట్నుంచీ చెవి లేదని అవి తేల్చాయని డాక్టరమ్మగారు అన్నారు. ఆ పది రోజులూ లెక్కలోకి రావా అని అడిగాను. తెలియదన్నారు.

బిళ్ళలు తెచ్చిన సాయంత్రం అక్క మంచం మీద ఒత్తిగిలి పడుకుని, "ఏం కథరా అది, బండి దిగకుండా చెప్పింది?" అంది.

చెప్పనన్నాను. ఇక జన్మలో కథ చెప్పనన్నాను.

"నా ఐసు కరిగించి చెప్పిన కథ నాకు చెప్పవా?"

మొదట్నుంచీ చెప్పాను. గిత్త బోను ఎక్కింది, ప్లీడరు ప్రశ్న అడిగాడు. అక్కడ ఆగాను.

"ఊఁ, గిత్త ఏమంది?"

"అక్కడికే వచ్చానక్కా. బండి కదిలాక ఇంక నోరు పెగల్లేదు. ఆ తర్వాత నాకూ తెలియదు."

"అయితే ఇప్పుడు కల్పించు" అంది. "వింటా."

ఆ వేసవంతా, వానలు పడ్డాక కూడా, రోజూ సాయంత్రం కాసేపు చెప్పాను. ప్లీడరు మారాడు, జడ్జీ మారాడు, కోర్టు వాయిదా మీద వాయిదా వేసింది, గిత్తకి సాక్షిభత్యంగా తవుడు మంజూరయింది. నొప్పి లేనప్పుడు అక్క నవ్వేది. నొప్పి ఉన్నప్పుడు, "ఇవాళ్టికి వాయిదా వెయ్యరా" అనేది. తీర్పు దగ్గరికి వచ్చినప్పుడల్లా నేనే భయపడి ఇంకో సాక్షిని తెచ్చేవాణ్ణి. శ్రావణమాసంలో రెండో శుక్రవారం అక్క పోయింది.

గిత్త ఇంకా బోనులోనే నిలబడి ఉంది.